ముప్పై అయిదో వంతు చేతిపని

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి ఈ చాప మీద కూర్చోండి. చిన్న చిన్న ముక్కలు చూపించాలి, అంత దూరానికి కనిపించవు.

మాట మొదలుపెట్టే ముందు నేను చేసిన ఈ ట్యాంకు బొమ్మను మీ చేతుల్లోకి పంపిస్తున్నాను. అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తే దీని సంగతి తెలియదు. పట్టుకోండి, తిప్పండి, అడుగు కూడా చూడండి. ఏదైనా ఊడితే కంగారు పడొద్దు, ఊడిన ముక్క నాకు ఇస్తే చాలు. ఇది అమెరికా వాళ్ల ఎమ్4ఏ1 షెర్మన్. అసలు బండి పొడవు 5.84 మీటర్లు. మీ చేతిలో ఉన్నది 167 మిల్లీమీటర్లు, అంటే 35వ వంతు.

దీని ముందు భాగంలో, కింద, నేలకు కాస్త పైన చూడండి. వరసగా పళ్లున్నాయి. ఇనప కోరలు బయటపెట్టినట్టు ఉంటాయి. ఆ పళ్లు కిట్ పెట్టెలో, అంటే అతికించి బొమ్మ చేసుకునే ప్లాస్టిక్ ముక్కల పెట్టెలో, రాలేదు, నేను చేసి పెట్టాను. అసలు ట్యాంకుకు కూడా అవి ఫ్యాక్టరీలో రాలేదు. యుద్ధం మధ్యలో సైనికులే వాటిని కోసి, అతికించుకున్నారు. నేను ఇవాళ చెప్పాలనుకున్నదంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. వాళ్లు చేత్తో చేసుకున్నదాన్ని మనమూ చేత్తోనే చేస్తే ఆ బండి బండిలా ఉంటుంది. ఎందుకో వివరంగా చెబుతాను.

1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యం ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిందని మీకు తెలుసు. తీరం దాటాక వాళ్లకు ఎదురైన పెద్ద కష్టం పొలం గట్లు. గట్టు అనగానే మన వరిచేల మధ్య మోకాలెత్తు గట్టును ఊహించుకోకండి. అక్కడి గట్లు చాలాచోట్ల మనిషి ఎత్తు ఉంటాయి. వందల ఏళ్లుగా పేరుకున్న మట్టి, దాని మీద పొదలు, చెట్లు, లోపల వేళ్లు అల్లుకుపోయి గోడలా గట్టిపడి ఉంటుంది. ట్యాంకు ఆ గట్టు ఎక్కబోతే ముక్కు ఆకాశంలోకి లేస్తుంది, పొట్ట శత్రువుకు కనిపిస్తుంది. షెర్మన్ ముందు పలక మందం 51 మిల్లీమీటర్లు. పొట్ట కింద రేకు ముందువైపు 25, వెనకవైపు 13 మాత్రమే. అవతలి పొలంలో నక్కి ఉన్న జర్మన్ గన్నరుకు అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది?

ఆ సమయంలో అమెరికన్ సైన్యంలో, ముందుకెళ్లి శత్రువు ఆచూకీ తీసే 102వ కావల్రీ రికానిసెన్స్ స్క్వాడ్రన్‌లో, కర్టిస్ క్యులిన్ అనే సార్జెంట్ ఉండేవాడు. ట్యాంకు ముందు పళ్లు బిగిస్తే అవి గట్టులోకి దిగిపోతాయని, ట్యాంకు పైకి లేవకుండా గట్టును చీల్చుకుంటూ దూసుకుపోతుందని అతను చేసి చూపించాడు. ఇనుము ఎక్కడిది? తీరంలో పడవలను అడ్డుకోవడానికి జర్మన్లు పాతిన ఉక్కు దూలాల అడ్డంకులు. మూడు దూలాలను అడ్డంగా కలిపి ముళ్లపందిలా నిలబెట్టేవాళ్లు. వాటినే గ్యాస్ కట్టర్‌తో కోసి, ట్యాంకు ముక్కుకు వెల్డింగ్ చేశారు. జులై 14న అక్కడి అమెరికన్ ఫస్ట్ ఆర్మీ అధిపతి జనరల్ ఒమర్ బ్రాడ్లీ ఆ ప్రదర్శన చూశాడు. చూసి వెంటనే తయారీకి ఆదేశాలిచ్చాడు, రహస్యంగా ఉంచమని కూడా చెప్పాడు. జులై 25న అమెరికన్ల పెద్ద దాడి, ఆపరేషన్ కోబ్రా, మొదలయ్యేసరికి అమెరికన్ ఫస్ట్ ఆర్మీ ట్యాంకుల్లో ప్రతి అయిదింటిలో మూడింటికి ఈ పళ్లున్నాయి. రైనో ట్యాంకులు అన్నారు వాటిని, ఖడ్గమృగాలని. పదకొండు రోజుల పని అది! శత్రువు తమను ఆపడానికి పెట్టిన ఇనుముతోనే శత్రువు మీదికి దారి చేసుకున్నారు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నేను ఫిట్టర్‌ని. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో ఆకురాయి, రంపం, వెల్డింగ్ టార్చ్ మధ్యే గడిపాను. అందుకే పాత ఫొటోల్లో ఆ పళ్లు చూసినప్పుడు నా కళ్లు ముందు వెల్డింగ్ మీదికే వెళ్లాయి. హడావుడిగా చేసిన వెల్డింగ్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకచోట లావుగా, ఒకచోట పలచగా, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట బొడిపె కట్టి ఉంటుంది. గ్యాస్‌తో కోసిన అంచు రంపంతో కోసినట్టు నున్నగా రాదు. నిలువుగా సన్నటి గాట్లు పడతాయి, కింది అంచున కరిగిన ఇనుము చుక్కలుగా గడ్డకడుతుంది.

ఇప్పుడు ఇలాంటి పళ్లకు మార్కెట్లో రెజిన్ ముక్కలు, అంటే అచ్చులో పోత పోసినవి, దొరుకుతాయి. ఫొటో ఎచ్ అని సన్నటి ఇత్తడి రేకుల మీద రసాయనంతో కోసిన ముక్కలూ వస్తాయి. అవి చెడ్డవని నేను అనను, చాలా వాటిని వాడాను కూడా. హెడ్‌లైటు చుట్టూ ఉండే కంచెలాంటి వాటికి ఇత్తడి రేకును మించింది లేదు. ఎందుకంటే అసలు బండికి కూడా అది ఫ్యాక్టరీలో అచ్చుగుద్దినట్టు చేసిన ముక్క. ఏ షెర్మన్ చూసినా ఒకేలా ఉండాలి. కానీ ఆ పళ్లు అలా కాదు. ఏ రెండు బండ్లకూ అవి అచ్చం ఒకేలా ఉండవు. పెట్టెలోంచి తీసిన ముక్క పెడితే వంద మంది బల్లల మీద వంద ఒకే రకం పళ్లు ఉంటాయి. ఆ సైనికుడి చెయ్యి అక్కడ కనిపించదు. నా నియమం ఇదే: ఫ్యాక్టరీ చేసింది ఫ్యాక్టరీ ముక్కతో, సైనికుడు చేసింది చేత్తో.

ఇక లెక్క. ఈ పనిలో లెక్క రాకపోతే చెయ్యి ఎంత మంచిదైనా లాభం లేదు. అసలు కొలతను 35తో భాగించండి, అంతే. అయితే దీన్ని తిరగేసి కూడా చూడాలి. మన చేతిలో ఉన్న వస్తువును 35తో గుణిస్తే అది ఆ లోకంలో ఎంత మందం అవుతుందో తెలుస్తుంది. కిట్‌లో ప్లాస్టిక్ మడ్‌గార్డు మందం 0.8 మిల్లీమీటర్లు అనుకోండి. గుణిస్తే 28 మిల్లీమీటర్లు! మడ్‌గార్డు రెండు మూడు మిల్లీమీటర్ల రేకు. అంటే మన బొమ్మ మీద కోట తలుపంత దళసరి పలక పెట్టినట్టు. కంటికి కారణం తెలియదు కానీ, ఇది బొమ్మ అని మాత్రం తెలిసిపోతుంది. అదే కూల్‌డ్రింక్ డబ్బా రేకు తీసుకోండి. దాని మందం సుమారు 0.1 మిల్లీమీటర్లు. గుణిస్తే మూడున్నర. అసలు మడ్‌గార్డుకు ఎంత దగ్గరో చూడండి. పైగా అసలు రేకు ఎలా వంగుతుందో ఇదీ అలాగే వంగుతుంది. మూల పట్టకారుతో కొంచెం నొక్కితే చాలు, చెట్టుకు రాసుకున్న మడ్‌గార్డు తయారు. తల వెంట్రుక సుమారు 0.07. గుణిస్తే రెండున్నర మిల్లీమీటర్ల వైరు. కాబట్టి వెంట్రుక కంటే సన్నగా ఏదైనా చేయాలని ఆరాటపడనక్కర్లేదు.

ఈ 35 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లలు అడుగుతుంటారు. జపాన్‌లోని షిజువోకాలో ఉన్న తమియా కంపెనీ 1961లో జర్మన్ పాంథర్ ట్యాంకు బొమ్మ తెచ్చింది, మోటారుతో నడిచేది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కదా, వాటికి సరిపడా పరిమాణం పెట్టుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే అది దాదాపు 35వ వంతు వచ్చింది. అదే స్థిరపడిపోయింది. ఇవాళ ప్రపంచమంతా ట్యాంకు బొమ్మలు ఎక్కువగా ఆ కొలతలోనే వస్తున్నాయి.

సామాను విషయానికొద్దాం. నా పెట్టెలో ఉన్న వాటిలో సగం ఇంట్లో పారేసేవే.

ముందు తీగ. కరెంటు పనికి వాడే ఫ్లెక్సిబుల్ వైరు మీద 24/0.2 అని రాసి ఉంటుంది. 0.2 మిల్లీమీటర్ల రాగి పోగులు 24 ఉన్నాయని అర్థం. ట్యాంకు పక్కన ఉండే లాగుడు తాడు, ఉక్కు తాడు, అంగుళానికి కాస్త అటూ ఇటూ మందం ఉంటుంది. కిట్‌లో దాన్ని ప్లాస్టిక్‌తో పోసి ఇస్తారు, పెంకు మీద గీతలు గీసినట్టు ఉంటుంది. నేను ఏడు పోగులు తీసుకుంటాను. ఒకటి మధ్యలో, ఆరు చుట్టూ. ఒకే మందం ఉన్న పోగులైతే ఒకదాని చుట్టూ సరిగ్గా ఆరే పడతాయి, ఖాళీ మిగలదు. కావాలంటే ఇంటికెళ్లి రూపాయి బిళ్లలతో చూడండి. మొత్తం మందం 0.6 అవుతుంది. గుణిస్తే 21 మిల్లీమీటర్లు. ఒక కొన వైస్‌లో బిగించి, రెండో కొన చేతి డ్రిల్లులో పట్టి మెల్లగా తిప్పితే పురి పడుతుంది.

ఒక్క జాగ్రత్త. పేనాక ఆ తాడును స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి. కంసాలి తీగను కాల్చి మెత్తబరుస్తాడే, అదే పని. ఉక్కైతే ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది. మెత్తబడ్డ తాడే ట్యాంకు మీద బరువుగా వాలుతుంది. కాల్చకపోతే స్ప్రింగులా పైకి లేచి నిలబడుతుంది. అసలు ఉక్కు తాడును ఎత్తినవాళ్లకు దాని బరువు తెలుసు, అది నిలబడదు, పడుకుంటుంది.

తర్వాత సూదులు. ఇంజెక్షన్ సూది సన్నటి స్టీలు గొట్టం. 18 నంబరు సూది బయటి మందం 1.27 మిల్లీమీటర్లు, 21 నంబరుది 0.82, 26 నంబరుది 0.46. మందుల షాపులో కొత్తవి కొనుక్కోండి, వాడినవి ఎప్పుడూ ముట్టుకోకండి. మొన చదునుగా అరగదీస్తే సన్నటి గొట్టాలు దొరికినట్టే. తుపాకీ గొట్టానికి, పొగగొట్టానికి, కడ్డీలకు ఇవే. ఇంకో ఉపయోగం ఉంది. చదును చేసిన అంచును లోపలివైపు పదును పెట్టి, పలచటి ప్లాస్టిక్ షీటు మీద పెట్టి చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొడితే గుండ్రటి బిళ్ల తెగుతుంది. రివెట్టు తల. యాభై రివెట్లకు యాభై దెబ్బలు. ఆరు పలకల బోల్టు తలలు కావాలంటే అలా కుదరదు. కిట్‌లో బయటికి కనిపించని చోట్ల, చక్రాల వెనక, మిగిలిపోయిన ముక్కల మీద బోల్టు తలలు ఉంటాయి. కొత్త బ్లేడుతో వాటిని చెక్కి తీసి, తడి బ్రష్ కొనతో ఎత్తి, కావలసిన చోట పెడతాను. ఒక్కటి ఎగిరి నేల మీద పడితే వెతకడం మానేసి ఇంకొకటి చెక్కడమే మేలు.

మూడోది స్ప్రూ. కిట్‌లో ముక్కలను పట్టుకుని ఉండే ప్లాస్టిక్ కాడల చట్రం. అందరూ పారేస్తారు. నేను సంచి నిండా దాస్తాను. కొవ్వొత్తి మంటకు కాస్త ఎత్తులో పట్టుకుని తిప్పుతూ ఉంటే మెత్తబడి మెరుస్తుంది. అప్పుడు మంట మీంచి తీసి, రెండు చేతులా సాగదీస్తే పాకం తీగలా సాగుతుంది. మెల్లగా లాగితే లావుగా, వేగంగా లాగితే వెంట్రుకంత సన్నగా వస్తుంది. రేడియో యాంటెన్నా మొదట్లో లావుగా, చివర సన్నగా ఉంటుంది కదా, ఈ తీగ కూడా సహజంగా అలాగే వస్తుంది.

దీనితోనే వెల్డింగ్ గీతలు. ఆ పళ్ల సంగతి ఇప్పుడు చెబుతాను. దూలాల కోసం ఎల్ ఆకారపు ప్లాస్టిక్ పట్టీలు వాడాను. ముందు అట్టముక్కతో నమూనా చేసి, ట్యాంకు ముక్కుకు ఆనించి చూసుకున్నాను. కోసిన అంచుల మీద బ్లేడును నిలువుగా పట్టి దగ్గర దగ్గరగా సన్నటి గాట్లు పెట్టాను, అది గ్యాస్ కోత. ముక్కలు అతికించాక, కలిసిన చోట 0.3 మిల్లీమీటర్ల స్ప్రూ తీగ పరిచాను. దాని మీద పలచటి ప్లాస్టిక్ సిమెంటు బ్రష్‌తో రాసి రెండు మూడు నిమిషాలు ఆగితే తీగ వెన్నలా మెత్తబడుతుంది. అప్పుడు బ్లేడు మొనతో పక్కపక్కనే నొక్కుతూ వెళ్లాలి. వెల్డరు చెయ్యి ఎలా ఊగుతుందో అలా. ఎక్కడైనా ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. ఒకచోట తీగ రెండు వరసలు వేయండి. మొదటిసారి నేను చాలా శుభ్రంగా చేశాను, సూటిగా, సమానంగా. చూస్తే కంపెనీ బీరువాకు వేసిన వెల్డింగ్‌లా ఉంది. మొత్తం తీసేసి మళ్లీ చేశాను. పదకొండు రోజుల్లో వందల ట్యాంకులకు వేసిన వెల్డింగ్‌కు అంత తీరిక ఎక్కడిది?

నాలుగోది ఎమ్-సీల్. కుళాయి కారితే రాసే ముద్దే. విదేశాల్లో మోడలింగ్ కోసమే ప్రత్యేకమైన ఎపాక్సీ పుట్టీలు ఉన్నాయి, దొరికితే అవి ఇంకా మెత్తగా, నున్నగా ఉంటాయి. కానీ నేను ఈ పని నేర్చుకున్నది ఎమ్-సీల్‌తోనే. రెండు ముద్దలు సమంగా కలిపాక చేతిలో కొంతసేపే ఉంటుంది, ఆ లోపే ఆకారం రావాలి. వేలికి నీళ్లు రాసుకుంటే అంటదు, పలచగా ఒత్తాలంటే కింద టాల్కం పౌడరు చల్లాలి. ఎండాక గీకి సరిచేద్దామనుకోవద్దు. రాయి అవుతుంది, ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. గీకక తప్పకపోతే మాస్కు పెట్టుకుని, తడి గరుకు కాగితంతో చేయండి.

కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లను చూశారా? తెల్ల పొణికి కర్రతో శరీరం చెక్కి, చేతులూ కాళ్లూ వేరే చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. తలపాగా మడతలు, నగలు, ముక్కు ఇలాంటి సన్నటి పని చాలావరకు ఆ మక్కుతోనే తీరుస్తారు. ఎమ్-సీల్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు. కర్రతో రానిది ముద్దతో తేవడం అనే ఉపాయం మనకు కొత్త కాదు.

ఎమ్-సీల్‌తో నేను ఎక్కువగా చేసేది ఇసుక బస్తాలు. ఇది కూడా సైనికుల చేతిపనే. జర్మన్ల పాంజర్‌ఫాస్ట్‌లకు, అంటే ఒక్క సైనికుడే మోసుకెళ్లి ట్యాంకుల మీద పేల్చే ఆయుధాలకు, భయపడి షెర్మన్ల ముందు, పక్కల ఇసుక బస్తాలు పేర్చుకునేవాళ్లు. సెవెన్త్ ఆర్మీలో 14వ ఆర్మర్డ్ డివిజన్ బండ్లయితే పక్కల ఇనప చట్రాలు కట్టి మరీ నింపేవాళ్లు. జనరల్ ప్యాటన్‌కు మాత్రం ఇవి నచ్చలేదు. బరువు పెరిగి బండి పాడవుతుందే తప్ప రక్షణ లేదని తన థర్డ్ ఆర్మీలో వద్దన్నాడు. బదులుగా పాడైపోయిన ట్యాంకుల నుంచి ఉక్కు పలకలు కోసి ముందు అతికించారు. కాబట్టి మీరు థర్డ్ ఆర్మీ బండి, 1945 వసంతం అని చెప్పి నిండా ఇసుక బస్తాలు పేర్చేముందు ఒక ఫొటో చూసుకోండి.

నేను మొదటిసారి చేసిన బస్తాలు ఇంట్లో అందరికీ నచ్చాయి. ఒకే సైజు, ఒకే ఆకారం, గోడ కట్టినట్టు పేర్చాను. మా వీధిలో సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి, "బాగున్నాయి నాయనా, కానీ వీటిలో ఇసుక లేదు, దూది ఉంది" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నిజంగా రెండు చిన్న గోనెసంచులు కుట్టించి, ఇసుక నింపి, మెట్ల మీద పడేసి చూశాను. ఇసుక బస్తా కింద ఏముంటే దాని ఆకారం తీసుకుంటుంది. మెట్టు అంచు దగ్గర వంగుతుంది. పై బస్తా కింది బస్తాను నొక్కి మధ్యలో పల్లం చేస్తుంది. మూతి కట్టిన చోట మాత్రమే ముడతలుంటాయి, పొట్ట దగ్గర గుడ్డ బిగుతుగా ఉంటుంది. అప్పటి నుంచి ఎమ్-సీల్ పచ్చిగా ఉండగానే ట్యాంకు మీద పెట్టి, ఒక్కో బస్తా వేలితో నొక్కి, దాని మీద ఇంకొకటి పెట్టి మళ్లీ నొక్కుతాను. పైన పలచటి మల్లు గుడ్డ అద్ది తీస్తే నేత పడుతుంది. ఆయన మాట నాకు ఈ పని మొత్తానికీ పనికొచ్చింది. బరువు కనిపించాలి. చుట్టి కట్టిన పరుపు అయినా, టార్పాలిన్ అయినా, 20 లీటర్ల జెర్రీక్యాన్ అయినా, తాడు ఎక్కడ బిగిస్తే అక్కడ అది లోపలికి నొక్కుకుపోవాలి.

టార్పాలిన్లకు టిష్యూ కాగితం చాలు. నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, మడిచి, ఆరేలోపు స్థానంలో పెట్టండి. పట్టీలకు మాస్కింగ్ టేపు సన్నగా కోయండి, బకిల్ కోసం రాగి తీగను సూది చుట్టూ వంచండి. గుండ్రటి కొయ్య మీద వంచితే గుండ్రం, చదరపు కడ్డీ మీద వంచితే చదరం. దారం వాడితే దానికి నూగు ఉంటుంది, ముప్పై అయిదు రెట్లు పెంచి ఊహించుకోండి ఆ నూగు ఎంత ఉంటుందో. కొవ్వొత్తి మైనం మీద రెండుసార్లు లాగితే అణిగిపోతుంది. గాయాలకు కట్టే గాజ్ గుడ్డ మభ్యపెట్టే వలకు బాగా పనికొస్తుంది. కానీ సన్నటి ఇనప జల్లెడ కోసం నేను అదే వాడబోయి దెబ్బతిన్నాను, దాని కన్నాలు ఈ కొలతలో అరచెయ్యి పట్టేంత ఉంటాయి.

ఫెవిక్విక్ గురించి ఒక్క మాట. పెరిస్కోపు అద్దాలకు, దీపాల అద్దాలకు దగ్గర్లో వాడకండి. దాని ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి మంచులా కూర్చుంటుంది. ఒకసారి నేను మూడు వారాలు పనిచేసిన బండిని అతికించి, వెంటనే మూతపెట్టిన డబ్బాలో పెట్టి, పొద్దున్నే తీస్తే అద్దాలన్నీ పొగబారి ఉన్నాయి. అద్దాలకు ఫెవికాల్ చాలు, ఆరాక కనిపించదు.

ఇదంతా ఎక్కడ చూసి చేయాలి? ఇంకొకరి బొమ్మ చూసి మాత్రం చేయకండి. వాళ్ల ఊహ మీ బండిలోకి వస్తుంది, మీది చూసి ఇంకొకరికి పోతుంది. ఫొటో చూసి చేయండి. అమెరికన్ ఆర్మీ సిగ్నల్ కోర్ యుద్ధకాలంలో తీసిన ఫొటోలు వేలకొద్దీ అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఒక ఫొటో, ఒక బండి, ఒక తేదీ ఎంచుకోండి. అప్పుడు ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. తెల్ల నక్షత్రం మీద బురద ఎందుకు పూశారు? శత్రువుకు గురి చూసుకునే గుర్తుగా మారుతుందని. వెనక డెక్కు మీద మెరిసే రంగు గుడ్డ ఎందుకు పరిచారు? సొంత విమానాలే పొరపాటున బాంబు వేయకుండా. ప్రతి వస్తువు వెనక ఒక భయమో, ఒక అవసరమో ఉంటుంది. అది తెలిశాక పెట్టిన వస్తువు సరైన చోటే కూర్చుంటుంది.

షెర్మన్ మనకూ దూరపు బండి కాదు. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులను ఎదుర్కొన్న మన రెజిమెంట్లలో డెక్కన్ హార్స్ ఒకటి. వాళ్లు నడిపింది షెర్మన్లే. ఆ ప్యాటన్ ట్యాంకు పేరు ఇందాక చెప్పిన జనరల్‌దే. డెక్కన్ హార్స్ వేళ్లు నిజాం కాలపు మన హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యంలో ఉన్నాయి. అప్పటికే ఇరవై ఏళ్ల పాతబడ్డ బండ్లతో, చెరుకు తోటల్లో దాక్కుని, గండి కొట్టి నీళ్లు పారించిన పొలాల్లో ప్యాటన్లు కూరుకుపోయేలా చేసి, పోరాడారు. ఆ షెర్మన్‌ను చేయాలని నా కోరిక. పళ్లు ఉండవు, ఇసుక బస్తాలు ఉండవు, చెరుకు ఆకులుంటాయి. ఒక్క ఆకు వెడల్పు ఈ కొలతలో ఎంతో ఇప్పటికే లెక్క వేసి పెట్టుకున్నాను, మిల్లీమీటరున్నర. దానికి పలచటి కాగితం, మధ్యలో ఈనెకు గోటితో గీత. మీ ఇళ్లలో పాత ఆల్బమ్‌లలో ఎవరైనా తాతగారు ట్యాంకు పక్కన నిలబడ్డ ఫొటో ఉంటే, ఆయన వెనక ఉన్న బండిని నాకు చూపించండి. మనిషి ముఖం మీదే అందరి దృష్టీ ఉంటుంది, నాకు మాత్రం వెనక కట్టిన బకెట్టు, తాడు ముడి కూడా కావాలి.

రంగుల గురించి ఇవాళ ఎక్కువ చెప్పను, దానికి ఇంకో రోజు కావాలి. ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, గురించి మాత్రం చెప్పాలి. ఇదిగో, రెండో ట్యాంకు, దీనికి ఇంకా రంగు వేయలేదు. చూడండి ఎన్ని రంగులో. ఆకుపచ్చ ప్లాస్టిక్, తెల్ల షీటు, ఎర్ర రాగి, వెండి రంగు డబ్బా రేకు, బూడిదరంగు ఎమ్-సీల్, పసుపు టేపు. చూసినవాళ్లు అతుకుల బొంత అంటారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ ఇదే. ఏది నేను చేశానో, ఏది పెట్టెలోంచి వచ్చిందో ఇప్పుడే తెలుస్తుంది. దీన్ని ఫొటో తీసి దాచుకుంటాను. బూడిదరంగు ప్రైమరు పలచగా ఒక్క పొర పడగానే రాగి, కాగితం, రేకు అన్నీ ఒక్క ఉక్కు అయిపోతాయి. తప్పులు కూడా అప్పుడే బయటపడతాయి. అతుకు దగ్గర సందు, రేకు అంచున జిగురు, బస్తా మీద వేలిముద్ర. సరిచేసి మళ్లీ ఒక పొర వేయండి.

మొదటి ట్యాంకు తిరిగి వచ్చేసింది, ఏదీ ఊడలేదు. సంతోషం. బాబూ, ఆ ఫ్యాను కాసేపు కట్టెయ్. కొవ్వొత్తి వెలిగిస్తున్నాను. ముందు వరసలో ఉన్నవాళ్లకు తలా ఒక స్ప్రూ ముక్క ఇస్తాను. పెద్దవాళ్లు పిల్లల పక్కన కూర్చోండి. మంటలో పెట్టొద్దు, మంటకు రెండు వేళ్లు పైన పట్టుకుని తిప్పుతూ ఉండండి. మెరిసినప్పుడు చెప్పండి, అప్పుడు లాగుదాం.